కొబ్బరి పీచు పనిని మహిళా గ్రూపు సొంతంగా మొదలుపెట్టడం ఎలా?

కొబ్బరి తోటలున్న ఊళ్లలో పీచు పని ఆడవాళ్లకి కొత్తేం కాదు. కొబ్బరికాయ మీది డొక్కలు నానబెట్టడం, కొట్టడం, పీచు ఆరబెట్టడం, తాడు పేనడం, అన్నిట్లోనూ చెయ్యి వాళ్లదే. పీచు ఎవరు కొన్నారు, తాడు ఎంతకి పోయింది, ఎవరికి పోయింది అన్నవి మాత్రం వాళ్లకి తెలియవు, తెలుసుకునే అవసరం కూడా లేదన్నట్టు నడుస్తుంది వ్యవహారం. అందుకే ఏళ్ల తరబడి చేసినా కూలి దగ్గరే ఆగిపోతారు. కోనసీమలోనో, శ్రీకాకుళం ఉద్దానంలోనో, గోదావరి లంకల్లోనో ఉండి, మీ డ్వాక్రా గ్రూపులో కొంతమందైనా ఈ పనిని సొంతంగా చేసుకోవాలని అనుకుంటుంటే, ఏది ముందు, ఏది తర్వాత అన్నది వివరంగా చెప్తాను. సరుకు మీదై ఉండాలి, లెక్క మీ పుస్తకంలో ఉండాలి. ఈ రెండూ కుదిరాకే మెషీను గురించి, లోను గురించి ఆలోచించండి. చాలాచోట్ల వరస తిరగబడుతుంది. ముందు లోను వస్తుంది, దాంతో మెషీను వస్తుంది, ఆ తర్వాత కొనేవాళ్లని వెతుక్కోవడం మొదలవుతుంది, ఈలోపు కిస్తీ తేదీ వచ్చేస్తుంది.

మొదట కొనేవాళ్ల దగ్గరికి వెళ్లండి

చేతిలో సరుకు లేకుండా ఎలా వెళ్తామని మొహమాటపడొద్దు. అడగడానికే వెళ్తున్నారు. మీ ఊరి నుంచి బస్సులో వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగలిగినంత దూరంలో పీచు సరుకు ఎవరు వాడుతున్నారో చూడండి. గోదావరి జిల్లాల వాళ్లకైతే కడియం నర్సరీలు పెద్ద దిక్కు. అక్కడ మొక్కలు కట్టడానికి తాడు కావాలి, కుండీల్లోకి కొబ్బరి పొట్టు కావాలి, మనీప్లాంట్ లాంటి తీగలు పాకించడానికి పీచు తాడు చుట్టిన కర్రలు కావాలి. బీర, దొండ పందిళ్లు వేసే రైతులు, పరంజా కట్టే మేస్త్రీలు, షామియానా వాళ్లు, ఇళ్లకి డోర్‌మ్యాట్లు అమ్మే షాపులు, వీళ్లందరి దగ్గరా అడగాల్సినవి అవే ప్రశ్నలు: ఇప్పుడు ఎక్కడ కొంటున్నారు, ఎంతకి, ఒకసారికి ఎంత, అందులో మీకు నచ్చనిది ఏంటి?

ఆఖరి ప్రశ్న మర్చిపోవద్దు, ఎందుకంటే మీకు దారి దొరికేది అక్కడే. తాడు మందం ఒకేలా ఉండట్లేదనో, కట్టలో పొడవు తక్కువ వస్తోందనో, అడిగిన రోజుకి సరుకు రావట్లేదనో చెప్తారు. ఇవన్నీ చేతిపనిలో సరిచేయగలిగినవే. ధర తగ్గించి పోటీ పడాలని మాత్రం చూడకండి. మెషీన్ల మీద వందల కట్టలు తీసే యూనిట్ల ధరకి చేత్తో పేనిన తాడు ఎప్పటికీ దిగదు, దిగితే ఆ తేడా మీ కూలిలోంచే పోతుంది. పరంజా తాడు లాంటి లావుపాటి, చవక సరుకుని వాళ్లకి వదిలేసి, చెయ్యి విలువ కనబడే సరుకు ఎంచుకోండి: జడ మ్యాట్లు, మొక్కలు వేలాడదీసే ఉట్లు, తీగ కర్రలు, గిన్నెలు తోమే పీచు చుట్టలు, పిచ్చుక గూళ్లు. అన్నీ ఒకేసారి కాదు, ఒకటీ రెండుతో మొదలుపెట్టండి.

గ్రూపంతా రావాలని పట్టుబట్టకండి

పొదుపు గ్రూపులో పది, పన్నెండు మంది ఉంటారు. అందరికీ ఈ పని మీద ఇష్టం ఉండదు, కొందరికి పొలం పని, కొందరికి చంటిపిల్లలు, కొందరికి దుమ్ము పడదు. నిజంగా చేస్తామన్న ఐదారుగురు ఉంటే చాలు. వాళ్లు వేరేగా ఒక చిన్న పని బృందంలా ఏర్పడి, ఆ విషయం గ్రూపు తీర్మానం పుస్తకంలో రాయించుకోవాలి. ఎవరు ఉన్నారు, ఎవరు ఎంత పెట్టారు, మధ్యలో మానేస్తే ఏం ఇవ్వాలి అన్నవి రాతలో ఉండాలి. అక్కాచెల్లెళ్లలా ఉన్నాం కదా, రాతలెందుకు అనిపిస్తుంది. అలా కలకాలం ఉండాలన్నా రాసుకోవడమే మంచిది.

మీ వీధిలో తాడు పేనడం వచ్చిన పెద్దవాళ్లు ఉంటారు. మోకాళ్ల నొప్పులతో ఇంట్లో కూర్చుని ఉంటారు, వాళ్లకి పని వచ్చన్న సంగతే ఇంట్లో వాళ్లు మర్చిపోయి ఉంటారు. వాళ్లని నేర్పడానికి పిలవండి, ఊరికే పిలవకండి, రోజుకి ఇంత అని డబ్బు ఇచ్చి పిలవండి. నేర్చుకునేవాళ్లకి శ్రద్ధ వస్తుంది, ఆ పెద్దావిడకి ఇంట్లో మర్యాద పెరుగుతుంది. ఆవిడ చెయ్యి చూపించినంత వివరంగా ఏ వీడియోలోనూ దొరకదు.

పని వేళ కూడా ముందే తేల్చుకోండి. పొద్దున వంటా వార్పూ, పిల్లల బడి, సాయంత్రం మళ్లీ ఇంటి పని ఉంటాయి కాబట్టి మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా చాలామందికి వీలవుతుంది. ఆ మూడు గంటలు వేరే పని చెప్పకూడదని ఇంట్లో వాళ్లతో ముందే మాట్లాడుకోవాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ చాలామంది మానేసేది ఇక్కడే, పని రాక కాదు.

పీచు ఎంచుకోవడం, కొనడం

కొబ్బరి డొక్కలో పీచు దాదాపు మూడో వంతు, మిగతాదంతా పొట్టే. వెయ్యి డొక్కల నుంచి సుమారు 80 కిలోల పీచు వస్తుంది. కాయ పూర్తిగా ముదరకముందు, పది పదకొండు నెలల వయసులో దింపి, డొక్కల్ని ఉప్పు కలిసిన నీళ్లలో నెలల తరబడి నానబెట్టి తీస్తే తెల్ల పీచు, అది మెత్తగా ఉండి పేనడానికి బాగుంటుంది. ముదిరిన ఎండు డొక్కల నుంచి మెషీను మీద తీసేది గోధుమరంగు పీచు, కాస్త గరుకు, మ్యాట్లకీ బ్రష్షులకీ గట్టిగా పనికొస్తుంది. మన దగ్గర ఎక్కువగా దొరికేది ఈ రెండోదే. కేరళ బ్యాక్‌వాటర్స్‌లో లాగా ఊరి చెరువులోనో కాలువలోనో నెలల తరబడి నానబెట్టే ఆలోచన మీరు పెట్టుకోవద్దని నా సలహా. నీళ్లు కుళ్లి వాసన కొడతాయి, చేపలు చస్తాయి, చేసే ఆడవాళ్లు మొలలోతు ఆ నీళ్లలో నిలబడాలి. అంత కష్టం పడి తీసిన పీచుకి తగ్గ ధర వచ్చే మార్కెట్ మన చుట్టుపక్కల లేదు.

కాబట్టి మొదట్లో పీచు తీసే పని పెట్టుకోకుండా దగ్గర్లోని పీచు ఫ్యాక్టరీ నుంచి కొనుక్కోండి. కొనేటప్పుడు గుప్పెడు తీసి చూడాలి. ఎక్కువ పోగులు జాన పొడవుకి దగ్గరగా ఉండాలి, అన్నీ వేలెడంత ముక్కలైతే పేనినప్పుడు తాడు నిలవదు. రెండు పోగులు తీసి లాగండి, పుటుక్కున తెగితే పాత డొక్కల పీచో, కుళ్లిన పీచో అయి ఉంటుంది. గుప్పెడు దులిపితే ఎంత పొట్టు రాలుతుందో చూడండి, ఆ రాలేదానికి కూడా మీరు పీచు ధరే కడుతున్నారు.

అన్నిటికన్నా ముఖ్యం తడి. పచ్చిగా ఉన్న పీచు బరువు తూగుతుంది. అందుకని మొదటిసారి ఒక కిలో కొని, తెచ్చిన వెంటనే తూచి, రెండు రోజులు మంచి ఎండలో పల్చగా పరిచి మళ్లీ తూచండి. 800 గ్రాములు తేలితే మీరు కిలోకి ఇచ్చిన డబ్బు నిజానికి 800 గ్రాములకి ఇచ్చినట్టు. ఆ లెక్క కాగితం మీద రాసుకుని అమ్మేవాడి దగ్గరికి వెళ్లండి. గొడవ పడక్కర్లేదు, ఎండు సరుకైతే ఈ ధర, తడి సరుకైతే ఈ ధర అని మాట్లాడుకుంటే చాలు. ఒకసారి లెక్క చూపించిన వాళ్లకి తర్వాత నుంచి తడి సరుకు అంటగట్టాలంటే అవతలివాళ్లు ఆలోచిస్తారు.

ఏప్రిల్, మే ఎండల్లో పీచు బాగా ఆరుతుంది కాబట్టి వానాకాలానికి కావాల్సింది అప్పుడే కొని పెట్టుకోండి. నేల మీద పెట్టకుండా బల్లల మీదో, ఇటుకలు పేర్చి వేసిన చెక్కల మీదో పెట్టి కప్పాలి. అక్టోబరు, నవంబరు అంటే మన తీరానికి తుఫాన్ల నెలలు, ఆ రెండు నెలలూ పెద్ద ఆర్డరు ఒప్పుకునే ముందు సరుకు ఆరబెట్టే చోటు ఉందో లేదో చూసుకోండి. తడి మ్యాటు చుట్టచుట్టి ప్యాక్ చేస్తే బూజు పట్టి వాసన వస్తుంది, షాపువాడు మళ్లీ మీ మొహం చూడడు.

తాడు పేనడం

పీచుని ముందు కర్రతో మెల్లగా కొట్టి, దులిపి, వేళ్లతో చిక్కు తీయాలి. పొడి పీచు అయితే కాస్త నీళ్లు చిలకరించండి, చేతికి అణకువగా వస్తుంది, దుమ్ము కూడా లేవదు. చిటికెన వేలంత మందం వచ్చేలా రెండు పాయలు తీసుకోండి. రెండిటినీ పక్కపక్కన ఎడమ అరచేతిలో పెట్టి, కుడి అరచేత్తో ముందుకి రుద్దితే రెండు పాయలకీ విడివిడిగా పురి ఎక్కుతుంది. ఆ పురి వదలకుండా రెండిటినీ దగ్గరికి చేర్చి చెయ్యి వెనక్కి లాగితే, అవి ఒకదానిమీద ఒకటి ఎదురు దిక్కుకి చుట్టుకుంటాయి. పాయల్లో పురి ఒకవైపు, తాడులో పురి దానికి ఎదురువైపు. ఒకటి విడిపోవాలని చూస్తే రెండోది బిగుస్తుంది, రెండు పేటల తాడు ఊడకుండా నిలిచేది అందుకే.

కొత్తవాళ్ల తాడు తేడా కొట్టేది అతుకుల దగ్గర. పాయ సన్నబడిపోయాక కొత్త పీచు పెడితే అక్కడ బలహీనంగా ఉంటుంది. ఇంకా జానెడు ఉండగానే కొద్దికొద్దిగా పోగులు కలుపుతూ పోవాలి, రెండు పాయలకీ ఒకేచోట అతుకు పడకూడదు, ఒకదాని అతుకు ఇక్కడైతే రెండోదాని అతుకు బెత్తెడు అవతల. పురి ఎక్కించిన పాయని మధ్యకి మడిచి వదిలిపెట్టి చూడండి. సమంగా మెలి తిరిగితే పురి సరిపోయింది, ఎక్కడికక్కడ ముడుచుకుపోయి చుట్టలు పడితే పురి ఎక్కువైంది, వేలాడుతూ ఉండిపోతే తక్కువైంది. మందం కోసం ఒక రేకు ముక్కకి మీకు కావాల్సిన సైజులో చిల్లు పెట్టి ప్రతి ఒక్కరి దగ్గరా ఉంచండి. ఆ చిల్లులోంచి కొంచెం పట్టుగా జారే తాడే తీసుకుంటామని నియమం పెట్టుకుంటే, ఐదుగురు చేసిన తాడూ ఒకరే చేసినట్టు ఉంటుంది. నర్సరీవాళ్లు చూసేది సరిగ్గా ఇదే.

చేత్తో పేనడం ఉట్లకీ, పిచ్చుక గూళ్లకీ, నాణ్యత కనబడే చిన్న సరుకుకీ బాగుంటుంది. మ్యాట్లకి మీటర్లకి మీటర్లు తాడు కావాలి, అదంతా చేత్తో పేనితే కూలి గిట్టదు. రాట్నం మీద చేసిన తాడు కొనుక్కోండి, లేదా మీ బృందంలో ఇద్దరు రాట్నం నేర్చుకోండి. పాత రాట్నంలో ఒకరు చక్రం తిప్పుతుంటే మిగతావాళ్లు నడుముకి పీచు కట్టుకుని పేనుతూ వెనక్కి నడుచుకుంటూ పోవాలి, రోజంతా అదే నడక. మోటారు రాట్నం మీద ఆ శ్రమ చాలావరకు తప్పుతుంది.

మగ్గం లేకుండా జడ మ్యాట్

మొదటి సరుకుగా నేను చెప్పేది ఇదే. మగ్గం అక్కర్లేదు, తాడు, కత్తెర, గోనెసంచులు కుట్టే దబ్బనం ఉంటే చాలు. జడ వేయడం రాని ఆడపిల్ల మన ఊళ్లలో ఎవరుంటారు? మూడు తాళ్లు తీసుకుని అదే జడ, కాకపోతే వదులు లేకుండా. తొమ్మిది మిల్లీమీటర్ల తాడుతో అల్లితే జడ వెడల్పు రెండున్నర సెంటీమీటర్లకి అటూఇటుగా వస్తుంది. సన్న తాడే ఉంటే రెండు మూడు పోగులు కలిపి ఒక పాయగా తీసుకోండి.

కోడిగుడ్డు ఆకారంలో 60 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు మ్యాటు అనుకుందాం. నడిమధ్య జడని ఎంత పొడవు తిన్నగా పెట్టాలో చాలామంది ఊహతో పెట్టేస్తారు, చివరికి మ్యాటు గుండ్రంగానో, మరీ సాగదీసినట్టో తేలుతుంది. లెక్క తేలికే: పొడవులోంచి వెడల్పు తీసేయండి. 60లోంచి 40 పోతే 20. మొదట 20 సెంటీమీటర్లు తిన్నగా పెట్టి, అక్కడ మలిపి, దాని చుట్టూ చుట్టుకుంటూ పోతే సరిగ్గా ఆ సైజు వస్తుంది. ఈ మ్యాటుకి ఎనిమిది మీటర్ల పైచిలుకు జడ పడుతుంది. జడలో తాడు కుదించుకుపోతుంది కాబట్టి మూడు పాయలకీ కలిపి 33 మీటర్ల దాకా తాడు పెట్టుకోవాలి.

కుట్టేటప్పుడు బల్లమీదో నేలమీదో పరిచే కుట్టండి, ఒళ్లో పెట్టుకుని కుట్టకండి, మ్యాటు గిన్నెలా లేస్తుంది. దబ్బనంలో సన్న పురికొస రెండు పోగులు ఎక్కించి, లోపలి జడ అంచులోని మెలికలోంచి, బయటి జడ అంచులోని మెలికలోకి దించాలి, పైకి దారం కనబడకూడదు. మలుపుల దగ్గర బయటి జడని కాస్త వదులుగా తోసుకుంటూ కుట్టండి, బిగలాగితే అక్కడ ఉబ్బుతుంది. ఆఖరి కొసని సన్నగా చేసి కిందివైపు లోపలికి దూర్చి గట్టిగా కుట్టేయాలి. తర్వాత తిరగేసి, బయటికి పొడుచుకొచ్చిన పోగులన్నీ కత్తిరించి, నీళ్లు చిలకరించి, పైన బరువు పెట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున ఎండలో పెట్టాక అప్పుడు లెక్కలోకి తీసుకోండి.

మొదటి పది మ్యాట్లు అమ్మకానికి పెట్టొద్దు. ఇళ్లలో వాడి చూడండి, బడిలో ఒకటి, అంగన్‌వాడీలో ఒకటి వేయండి. ఎక్కడ కుట్టు తెగుతోందో, ఎక్కడ అంచు లేస్తోందో తెలుస్తుంది.

ధర కట్టడం

దీన్ని ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఆడవాళ్ల కష్టం మాయమయ్యేది ఇక్కడే. ధర కట్టమంటే పీచు ఖర్చు, దారం ఖర్చు వేసి పైన ఓ యాభై కలుపుతారు. కూర్చున్న గంటల్ని ఎవరూ లెక్కలో వేయరు, "ఇంట్లో ఖాళీగానే ఉన్నాం కదా" అంటారు. ఖాళీగా ఎవరూ లేరు. గంట కూలి ఎంతో ముందే నిర్ణయించుకుని అది ధరలో మొదటి వరసలో రాయాలి.

లెక్క ఎలా వేయాలో చూపించడానికే ఈ అంకెలు, మీ ఊరి రేట్లు మీరు వేసుకోండి. మ్యాటుకి తాడు కిలోన్నర, కిలో 60 రూపాయల చొప్పున 90. అల్లడం, కుట్టడం, సరిచేయడం కలిపి రెండున్నర గంటలు, గంటకి 50 చొప్పున 125. కుట్టు దారం, లేబులు, కవరు 15. రవాణా 15. మొత్తం 245. దీనిమీద పదో వంతు బృందం నిధికి కలిపితే 270 దాకా వస్తుంది. షాపువాడు తన లాభం వేసుకుని అమ్ముతాడు కాబట్టి, మీరు నేరుగా ఎగ్జిబిషన్‌లో అమ్మినా సరే షాపు ధరకే అమ్మండి, లేకపోతే ఆ షాపువాడు మీ దగ్గర కొనడం మానేస్తాడు.

270కి ఎవరూ కొనట్లేదనుకోండి. అప్పుడు కూలి తగ్గించుకోవడం ఆఖరి మార్గం. ముందు గంటలు తగ్గుతాయేమో చూడండి. ఒకరు జడలే అల్లి, ఇంకొకరు కుట్టడమే చేస్తే చెయ్యి తిరిగి సమయం తగ్గుతుంది. తాడు ఎక్కువ మొత్తంలో కొంటే రేటు తగ్గుతుందేమో అడగండి. అప్పటికీ గిట్టకపోతే ఆ సరుకు మానేసి ఇంకోటి ఎంచుకోండి. గిట్టని సరుకుని పంతానికి చేస్తూ పోతే బృందంలో ఒక్కొక్కరూ జారిపోతారు.

డబ్బు ఎవరి చేతికి, ఎప్పుడు?

పీసుకి ఇంత అని కూలి పెట్టుకోండి, ఎవరు ఎన్ని చేస్తే అంత. సరుకు ఇచ్చిన రోజే నాణ్యత చూసి, పుస్తకంలో రాసి, వారం చివర డబ్బు ఇచ్చేయాలి. అమ్ముడుపోయాక ఇస్తామంటే అది నమ్మకాన్ని చంపేస్తుంది. షాపులు నెల, నెలన్నర ఆగి డబ్బు ఇస్తాయి, అంతదాకా చేసినావిడ ఎదురుచూడలేదు. కాబట్టి నెలన్నర కూలికీ, పీచుకీ సరిపడా డబ్బు బృందం దగ్గర ముందే ఉండాలి. మీరు మొట్టమొదట తీసుకోవాల్సిన అప్పు ఏదైనా ఉంటే దీనికే, అది కూడా గ్రూపు అంతర్గత అప్పుగానో, మహిళా సంఘాలకి అప్పులిచ్చే స్త్రీనిధి నుంచో తక్కువలో. కొత్త షాపుకి మొదటి ఆర్డరు ఇచ్చేటప్పుడు సగం బయానా అడగండి, అడగడంలో తప్పులేదు.

కూలి ఎవరిది వాళ్ల బ్యాంకు ఖాతాలోనే పడాలి. ఇంట్లో మగవాళ్ల ఖాతాకి వేయమని అడిగితే మెత్తగానే అయినా గట్టిగా కాదనండి, బృందం నియమం అని చెప్తే ఆమె ఒక్కత్తీ ఇంట్లో మాటపడే అవసరం ఉండదు. ఏటీఎం కార్డు వాడటం, పాస్‌బుక్కు ఎంట్రీ చదవడం, ఫోన్‌లో డబ్బు పడిందో లేదో చూడటం అందరూ నేర్చుకునేదాకా పక్కన కూర్చుని నేర్పండి. లెక్కల పుస్తకం ఒకరి దగ్గరే ఉండిపోకుండా మూడు నెలలకోసారి చేతులు మారాలి. బాగా చదువుకున్న అమ్మాయి ఒక్కతే అన్నీ చూసుకుంటుంటే పని తేలిగ్గా సాగుతుంది, కానీ ఆమె పెళ్లయి వెళ్లిపోయిన రోజున బృందం చేతులు కట్టేసినట్టు అవుతుంది.

ట్రైనింగ్, పథకాలు

1953లో వచ్చిన కాయర్ (అంటే కొబ్బరి పీచు) పరిశ్రమ చట్టం కింద ఏర్పడిన కాయర్ బోర్డు కేంద్ర ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) శాఖలో ఉంది, ప్రధాన కార్యాలయం కొచ్చిలో. మన రాష్ట్రంలో వాళ్ల ప్రాంతీయ కార్యాలయం రాజమహేంద్రవరంలో ఉంది. మహిళా కాయర్ యోజన కింద ఆడవాళ్లకి పీచు నూలు వడకడంలో స్టైపెండ్‌తో ట్రైనింగ్ ఇస్తారు. మీ బృందం తరఫున ఒక అర్జీ రాసుకుని ఇద్దరు వెళ్లి, తర్వాతి బ్యాచ్ ఎప్పుడో, మీ ఊళ్లోనే పెట్టించుకోవాలంటే ఎంతమంది ఉండాలో అడిగి రండి. ఫోన్‌లో తేలని పని మనిషి ఎదురుగా వెళ్తే తేలుతుంది.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 చేతివృత్తుల్లో బుట్టలు, చాపలు, చీపుర్లు చేసేవాళ్లతో పాటు కాయర్ నేసేవాళ్లు కూడా ఉన్నారు. ట్రైనింగ్ రోజుల్లో రోజుకి 500 రూపాయల స్టైపెండ్, పనిముట్లకి 15,000 రూపాయల వోచర్, ఆ తర్వాత కావాలంటే 5 శాతం వడ్డీకి మొదటి విడత లక్ష దాకా అప్పు. కుటుంబంలో ఒక్కరికే వర్తిస్తుంది, కుటుంబంలో ప్రభుత్వ ఉద్యోగం ఉంటే రాదు. ఇంట్లో ఒక్కరికే కాబట్టి, అది భర్త పేరు మీద పోకుండా పని చేసేది ఎవరైతే వాళ్ల పేరు మీదే పెట్టించండి. అప్పు తీసుకోకపోయినా పనిముట్ల వోచర్, ట్రైనింగ్ పనికొచ్చేవే.

పెద్ద యూనిట్ పెట్టేటప్పుడు పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం) ఉంది. పల్లెటూళ్లలో మహిళలకి ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం సబ్సిడీ, సొంతంగా పెట్టాల్సింది 5 శాతం. ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకోవాలి. సబ్సిడీ డబ్బు మీ చేతికి రాదు. అది బ్యాంకులో మూడేళ్లు మీ పేరున డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తోందని తనిఖీ అయ్యాక అప్పులో సర్దుతారు. యూనిట్ మధ్యలో మూతపడితే ఆ సబ్సిడీ కూడా చిక్కులో పడుతుంది. సబ్సిడీ ఇప్పిస్తామని కమిషన్ అడిగేవాళ్లు ఈ సంగతి చెప్పరు. ఇంకొకటి, చిన్న పరిశ్రమగా నమోదు చేయించుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం, ఆధార్, పాన్ ఉంటే ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే అయిపోతుంది. దానికి వేలకి వేలు అడిగితే ఇవ్వకండి.

అమ్మకాలకి మహిళా సంఘాల సరుకు అమ్మే సరస్ మేళాలు మంచి అవకాశం, డీఆర్‌డీఏ (జిల్లా గ్రామీణాభివృద్ధి సంస్థ) ద్వారా మహిళా సంఘాలకి స్టాళ్లు ఇస్తారు. అక్కడికి వెళ్లినప్పుడు అమ్ముడైన డబ్బు ఒక్కటే చూసుకోకుండా, షాపులవాళ్లెవరైనా వస్తే నంబరు తీసుకుని రాసుకోండి, ఏ రంగు, ఏ సైజు అడిగారో కూడా రాసుకోండి.

ఒంటి సంగతి

పీచు దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. దులిపే పని ఆరుబయట, గాలి వాటం చూసుకుని, ముక్కుకి బట్టో మాస్కో కట్టుకుని చేయండి. ఉబ్బసం ఉన్నవాళ్లకి అల్లడం, కుట్టడం ఇవ్వండి, దులపడం ఇవ్వొద్దు. పేనీ పేనీ అరచేతులు పగులుతాయి, పని అయ్యాక కడుక్కుని కొబ్బరినూనె రాసుకుంటే కాస్త నయం. గంటకోసారి లేచి నడవాలి. మెషీను దగ్గర పని చేసేటప్పుడు జడ ముడి చుట్టుకోవాలి, పైట బిగించి దోపుకోవాలి, చున్నీ వేసుకోకూడదు, పిల్లల్ని ఆ దరిదాపులకి రానివ్వకూడదు. ఎండు పీచు, పొట్టు ఇట్టే అంటుకుంటాయి కాబట్టి పొయ్యి ఉన్న వసారాలో నిల్వ చేయొద్దు. డొక్కలు పోగేస్తే బోర్లా పెట్టండి, వాన నీళ్లు నిలిస్తే ఊరంతటికీ దోమలు.

మెషీను ఎప్పుడు?

ఆరు నెలల పాటు ప్రతి నెలా ఆర్డర్లు వచ్చి, చేతిపనితో సమయానికి అందించలేక వెనక్కి పంపాల్సి వస్తోందంటే అప్పుడు మోటారు రాట్నం గురించి ఆలోచించండి. కొనే ముందు అది నడుస్తున్న యూనిట్ ఒకటి చూసి రండి, పనిచేసే ఆడవాళ్లతో విడిగా మాట్లాడండి, పాడైతే రిపేరు చేసేవాళ్లు ఎంత దూరంలో ఉన్నారు, కరెంటు బిల్లు ఎంత వస్తోంది అని అడగండి. పీచు తీసే మెషీను దాని తర్వాతి మాట, దానికి షెడ్డు కావాలి, కరెంటు ఎక్కువ కావాలి, రోజూ డొక్కల లారీ రావాలి.

ఆ మెషీను దాకా వెళ్లిన రోజున పొట్టు కూడా మీ చేతికొస్తుంది, పీచు కంటే రెట్టింపు బరువు. తన బరువుకి ఎన్నో రెట్లు నీళ్లు పట్టి ఉంచుతుంది కాబట్టి నర్సరీలు దాన్ని అడుగుతాయి. అయితే అందులో సహజంగానే ఉప్పులు ఎక్కువ, మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడిగి ఆరబెట్టిన పొట్టే మొక్కలకి పనికొస్తుంది. కడగని పొట్టు, కడిగిన పొట్టు వేరువేరు బస్తాల్లో, వేరువేరు ధరలకి పెట్టండి, బస్తా మీద ఏదో స్పష్టంగా రాయండి, ఆ కడిగే గంటల కూలి కూడా ధరలో వేయడం మర్చిపోవద్దు.